యాంజియోగ్రామ్ రిపోర్టు చదవడం ఎలా: శాతం కన్నా ముందు చోటు చూడండి

యాంజియోగ్రామ్ రిపోర్టు చేతికి రాగానే కళ్లు వెళ్లేది అంకెల మీదికే. డెబ్బై శాతమట, తొంభై శాతమట అని ఇంట్లో మాటలు మొదలవుతాయి. నిజానికి రిపోర్టులో ఆఖరున చదవాల్సింది ఆ శాతం. అంతకన్నా ముందు చూడాల్సినవి రెండు: అడ్డంకి ఏ నాళంలో ఉంది, ఆ నాళంలో ఎంత ఎగువన ఉంది. చిన్న కొమ్మ కొసన 90 శాతం ఉన్నా మందులతోనే నడిపించవచ్చు. ఎడమ మూలనాళంలో 50 శాతమే ఉన్నా బైపాస్ మాట వస్తుంది. ఈ తేడా ఎందుకో తెలియాలంటే గుండె కండరానికి రక్తం ఏ దారిన వస్తుందో ఒకసారి గీసుకుని చూడాలి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే అరగంట పని.

ఛాతీలో నొప్పో బరువో, చెమటలో, ఆయాసమో ఇప్పుడే ఉంటే మాత్రం ఇది చదువుతూ కూర్చోకండి, అంబులెన్సు పిలవండి. నాళం పూర్తిగా మూసుకుపోతే సుమారు 20 నిమిషాల నుంచే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది.

గుండె నిండా రక్తం ఉంటే మళ్లీ ధమనులెందుకు?

గదుల్లో ఎంత రక్తం తిరిగినా గుండె గోడ దాన్ని నేరుగా వాడుకోలేదు. ఎడమ జఠరిక, అంటే ఎడమ కింది గది, గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. గదిలోని రక్తం నుంచి ఆక్సిజన్ అందేది లోపలి అంచున ఉన్న పల్చటి పొరకే. మిగతా మందమంతా కరోనరీ ధమనుల మీద ఆధారపడాల్సిందే. ఒంటికంతటికీ రక్తం మోసే బృహద్ధమని గుండెను వదిలి బయటకు రాగానే, కవాటానికి కాస్త పైన, దాని తొలి కొమ్మలుగా ఈ రెండు ధమనులూ మొదలవుతాయి. పెద్ద కొమ్మలు గుండె పైపొర మీద, కొవ్వులో ఒదిగి నడుస్తాయి. వాటి నుంచి పుట్టిన సన్న కొమ్మలు గోడలోకి దిగి లోపలి వైపు వెళ్తాయి. సరఫరా తగ్గినప్పుడు ముందు దెబ్బతినేది కొసన ఉన్న లోపలి పొర, ఆయకట్టు చివరి పొలం లాగా.

సుమారు 300 గ్రాముల గుండె ఒంటి బరువులో అర శాతం కూడా ఉండదు. అయినా విశ్రాంతిలో నిమిషానికి 225 నుంచి 250 మిల్లీలీటర్ల రక్తం, అంటే గుండె పంపే మొత్తంలో సుమారు 5 శాతం, తనకే తీసుకుంటుంది. ఆ రక్తంలోని ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా విశ్రాంతిలోనే పిండేసుకుంటుంది. ఒంట్లో మిగతా భాగాలు సగటున తీసుకునేది పాతిక శాతమే, కాబట్టి అవసరం పెరిగితే వాటికి ఇంకా పిండుకునే వీలుంటుంది. గుండెకు ఆ వీలు దాదాపు లేదు. ఎక్కువ పని చేయాలంటే ఎక్కువ రక్తం రావాలి, అంతే. ఆరోగ్యంగా ఉన్న నాళాల్లో ప్రవాహం 3 నుంచి 5 రెట్లు పెరగగలదు. పూడిక పడిన నాళం ముందుగా పోగొట్టుకునేది ఈ అదనపు సామర్థ్యాన్నే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గుండె ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరిక గోడ తనలోని నాళాలను తానే నొక్కేస్తుంది. అందుకే ఆ గోడకు రక్తం ప్రధానంగా గుండె సడలినప్పుడు అందుతుంది. కుడి జఠరికలో పీడనం తక్కువ గనుక దానికి రెండు దశల్లోనూ అందుతుంది. నిమిషానికి 60 కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందనకు ఒక సెకను పడుతుంది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు సడలింపే. 120కి చేరితే మొత్తం అర సెకనే, సడలింపు అందులో సగం లేదా ఇంకా తక్కువ. అవసరం పెరిగిన సమయంలోనే అందే సమయం కుంచించుకుపోతుందన్నమాట. వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు నొప్పికి పనిచేసేది ఇందుకే: కండరం అడిగే ఆక్సిజన్ తగ్గుతుంది, రక్తం అందే వ్యవధి పెరుగుతుంది.

పటం గీసుకోవడం

కాగితం మీద కోడిగుడ్డు ఆకారం గీయండి. సన్నటి కొన కింద, మీ కుడిచేతి వైపు కాస్త వాలి ఉండాలి. అది గుండె మొన. రోగి మనకు ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకోవాలి కాబట్టి కాగితం మీద కుడి వైపు ఉన్నది రోగికి ఎడమ. మొదటిసారి చూసేవాళ్లలో సగం తికమక ఇక్కడే వస్తుంది. పైన మధ్యలో చిన్న సున్నా చుట్టండి, అది బృహద్ధమని.

సున్నాకు మీ కుడి పక్క నుంచి లావుగా, పొట్టిగా ఒక గీత తీయండి. ఇదే ఎడమ మూలనాళం. రిపోర్టులో ఎల్ఎంసీఏ అనో లెఫ్ట్ మెయిన్ అనో ఉంటుంది. పొడవు సాధారణంగా ఒక సెంటీమీటరు అటూఇటూ, లావు 4 నుంచి 5 మిల్లీమీటర్లు. ఇంత పొట్టి గొట్టం మీద ఎడమ జఠరికలో మూడింట రెండు వంతులకు పైగా ఆధారపడి ఉంటుంది. అందుకే దీనికి హద్దు వేరు: మిగతా నాళాల్లో 70 శాతం దాటితే తీవ్రం అంటే, ఇక్కడ 50 నుంచే అంటారు.

మూలనాళం చివర రెండుగా చీల్చండి. ఒక కొమ్మ గుండె ముందు భాగంలో, రెండు జఠరికల మధ్య గాడిలో మొన దాకా దిగుతుంది. ఇది ఎల్ఏడీ. ఎడమ జఠరికలో సుమారు సగానికి ఇదే దిక్కు: ముందు గోడ, మొన, రెండు జఠరికల మధ్య గోడలో ముందున్న మూడింట రెండు వంతులు. దీని నుంచి పక్కకు, ఏటవాలుగా వెళ్లేవి డయాగనల్ కొమ్మలు. వీటిని డీ1, డీ2 అని రాస్తారు. నిట్టనిలువుగా మధ్య గోడలోకి దిగేవి సెప్టల్ కొమ్మలు.

రెండో కొమ్మ కర్ణికకూ (పై గదికీ) జఠరికకూ మధ్య ఉన్న గాడిలో ఎడమ పక్కగా వెనక్కి తిరుగుతుంది. ఇది సర్కమ్‌ఫ్లెక్స్, పొట్టిగా ఎల్‌సీఎక్స్. దీని కొమ్మలు ఓఎం1, ఓఎం2 ఎడమ పక్క గోడకు వెళ్తాయి. కొందరిలో ఎల్ఏడీకీ సర్కమ్‌ఫ్లెక్స్‌కూ నడుమ నుంచి మూడో కొమ్మ కూడా పుడుతుంది. దాన్ని రామస్ అంటారు. రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే అది జబ్బు కాదు, పుట్టుకతో ఉన్న తీరు.

ఇప్పుడు సున్నాకు మీ ఎడమ పక్క నుంచి ఇంకో గీత. ఇది కుడి ధమని, ఆర్‌సీఏ. కుడి వైపు గాడిలో చుట్టూ తిరిగి గుండె అడుగుకు చేరుతుంది. దారిలో కుడి జఠరికకు కొమ్మలిస్తుంది. అడుగున పీడీఏ, పీఎల్‌వీ అనే కొమ్మలుగా ముగుస్తుంది. గుండె స్పందన మొదలయ్యే ఎస్ఏ నోడ్‌కు సుమారు 60 శాతం మందిలో రక్తం వచ్చేది ఈ ధమని నుంచే. పై గదుల నుంచి కింది గదులకు సంకేతం దాటించే ఏవీ నోడ్‌కైతే ఇంకా ఎక్కువ మందిలో. అందుకే ఆర్‌సీఏ మూసుకుని గుండెపోటు వచ్చినప్పుడు నాడి బాగా నెమ్మదించడం, కొద్దిరోజులు తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం చూస్తుంటాం.

అనవసరంగా భయపెట్టే రెండు మాటలు

ఒకటి ‘టైప్ 3 వెసల్’. ఎల్ఏడీ ఎదురుగా ఈ మాట చూసి జబ్బు మూడో దశకు చేరిందనుకునేవాళ్లు చాలామంది. దానికీ జబ్బుకూ సంబంధమే లేదు. ఎల్ఏడీ మొన దాకా చేరకుండా ఆగితే టైప్ 1, మొన దాకా వస్తే టైప్ 2, మొన చుట్టి అడుగు భాగానికీ వెళ్తే టైప్ 3. అంటే నాళం పొడుగ్గా ఉందని చెప్పడం. అయితే ‘టైప్ సీ లీజన్’ అని ఉంటే సంగతి వేరు. అది అడ్డంకి గురించిన మాట: పొడుగ్గానో, బాగా వంపు తిరిగిన చోటో, స్టెంట్ వేయడం కష్టమయ్యే తీరులో ఉందని.

రెండోది ‘నాన్ డామినెంట్’. పీడీఏ ఏ ధమని నుంచి పుడితే దాన్ని డామినెంట్ అంటారు. పది మందిలో సుమారు ఎనిమిది మందికి అది ఆర్‌సీఏ. కొద్దిమందికి ఎల్‌సీఎక్స్, ఇంకొద్దిమందికి రెండూ పంచుకుంటాయి. నాన్ డామినెంట్ అంటే బలహీనమైన నాళమని కాదు. కానీ లెక్క వేసేటప్పుడు ఇది పనికొస్తుంది. డామినెంట్ కాని సన్నటి ఆర్‌సీఏ మూసుకుపోయినా నష్టం కొద్దిగా ఉండొచ్చు. ఎడమ డామినెంట్ ఉన్నవాళ్లకు ఎడమ మూలనాళంలో అడ్డంకి వస్తే ఎడమ జఠరిక దాదాపు మొత్తం చిక్కుల్లో పడుతుంది.

ఎగువా? దిగువా?

శాతానికి ముందు ఒక మాట ఉంటుంది. ఆస్టియల్ అంటే నాళం పుట్టే మూతి దగ్గర. ప్రాక్సిమల్ ఎగువ భాగం, మిడ్ నడుమ, డిస్టల్ దిగువ. ఎల్ఏడీలో మొదటి పెద్ద సెప్టల్ కొమ్మ పుట్టకముందున్నది ప్రాక్సిమల్ అని స్థూలంగా గుర్తుపెట్టుకోండి. అక్కడ అడ్డు పడితే సెప్టల్ కొమ్మలూ డయాగనళ్లూ అన్నీ దాని దిగువనే ఉంటాయి. అదే ఎల్ఏడీ డిస్టల్‌లో పడితే పోయేది మొన దగ్గరి కొద్ది భాగం. మీ బొమ్మలో అడ్డంకి ఉన్నచోట పెన్సిలుతో అడ్డగీత పెట్టి, దాని కిందున్నదంతా గీతలతో నింపండి. ఎంత కండరం దాని మీద ఆధారపడిందో కంటికే కనిపిస్తుంది.

లెక్కలో ఇంకో పొరపాటు: మూడు బ్లాకులుంటే ‘ట్రిపుల్ వెసల్’, అంటే మూడు నాళాల జబ్బు, అనుకోవడం. రిపోర్టు చివర ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ అని రాసేది ఒకటా, రెండా, మూడా, ఎన్ని నాళాలు దెబ్బతిన్నాయన్న లెక్క, ఎన్ని అడ్డంకులున్నాయని కాదు. ఎల్ఏడీలో మూడు చోట్ల ఉన్నా అది ఒక్క నాళమే. డయాగనల్‌ను ఎల్ఏడీ ఖాతాలో, ఓఎంను సర్కమ్‌ఫ్లెక్స్ ఖాతాలో వేస్తారు. శాతాలను కూడి సగటు తీయడం గురించైతే చెప్పనక్కర్లేదు, కానీ తీసేవాళ్లున్నారు.

ఇప్పుడు శాతం

రిపోర్టులోని శాతం నాళం వ్యాసం ఎంత తగ్గిందో చెబుతుంది. రక్తానికి కావాల్సింది మాత్రం అడ్డుకోత వైశాల్యం. వ్యాసం 50 శాతం తగ్గితే వైశాల్యంలో నాలుగో వంతే మిగులుతుంది. 70 శాతం తగ్గితే 9 శాతం. 90 అయితే ఒక్క శాతం. 3 మిల్లీమీటర్ల నాళంలో 70 శాతం అడ్డంకి అంటే దారి 0.9 మిల్లీమీటర్లు.

మరి 70 శాతం ఉన్న మనిషి కూర్చుని టీవీ చూస్తుంటే ఏమీ తెలియదెందుకు? దిగువనున్న సన్న నాళాలు వదులై ప్రవాహాన్ని నిలబెడతాయి. సుమారు 85, 90 శాతం దాకా విశ్రాంతిలో లోటు కనిపించదు. కానీ ఆ వదులవడం అప్పటికే అయిపోయింది కాబట్టి మెట్లెక్కేటప్పుడు పెంచుకోవడానికి ఏమీ మిగలదు. శ్రమలో మొదలై, ఆగితే తగ్గే నొప్పి వెనక ఉన్నది ఇదే. విశ్రాంతిలోనూ నొప్పి వస్తోందంటే పరిస్థితి మారిందని అర్థం, ఆలస్యం చేయకూడదు.

శాతం చాలావరకు కంటి అంచనా. ఒకే చిత్రాన్ని ఇద్దరు నిపుణులు చూస్తే ఒకరు 60 అనొచ్చు, ఇంకొకరు 75. అందుకే 40 నుంచి 70 మధ్య ఉన్న అడ్డంకులకు ఎఫ్ఎఫ్ఆర్ పరీక్ష అడగడం తప్పేమీ కాదు. పీడనం కొలిచే సన్నటి తీగను అడ్డంకి దాటించి, నాళాలను పూర్తిగా వదులు చేసే మందు, ఎక్కువగా అడినోసిన్, ఇస్తారు. అడ్డంకికి దిగువ పీడనాన్ని బృహద్ధమని పీడనంతో భాగిస్తారు. పైన 100, కింద 75 ఉంటే 0.75. 0.80 లేదా అంతకు తక్కువైతే ఆ అడ్డంకి నిజంగా రక్తాన్ని ఆపుతోందని లెక్క. 0.88 వచ్చిందంటే సాధారణంగా స్టెంట్ అవసరం ఉండదు, మందులు చాలు.

యాంజియోగ్రామ్ నాళం లోపలి దారిని మాత్రమే చూపిస్తుంది, గోడను చూపించదు. పూడిక మొదట గోడను బయటికి ఉబ్బిస్తుంది. దారి మీదికి రావడం ఆ తర్వాతే. కాబట్టి ‘మైల్డ్ ప్లాకింగ్’, ‘లూమినల్ ఇర్రెగ్యులారిటీస్’ (కొద్దిపాటి పూడిక, లోపలి అంచు ఎగుడుదిగుడు) అని ఉంటే ఏమీ లేదని కాగితం పక్కన పడేయకూడదు. పెద్దగా అడ్డం కాని పూడిక కూడా పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి గుండెపోటు తేగలదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, పొగాకు మానడం, బీపీ, షుగరు అదుపు అవసరమయ్యేది ఈ పగిలే పూడిక కోసమే. స్టెంట్ ఒక్కచోటికే కాపలా.

మిగతా పదాలు క్లుప్తంగా

టిమి ఫ్లో: నాళంలో పారుదలకు వేసే అంకె. 0 అంటే పరీక్షలో ఎక్కించిన రంగు మందు అడ్డంకి దాటి ముందుకు పోలేదు, 3 అంటే మామూలుగా పారింది. సీటీఓ: కనీసం 3 నెలలుగా పూర్తిగా మూసుకున్న నాళం. కొలాటరల్స్: ఒక నాళం నుంచి మరో నాళం దిగువకు పక్కదారులు. ఇవి పుట్టుకతో సన్నగా ఉండి, అవసరం పడ్డాక వారాలు, నెలల్లో పెద్దవవుతాయి. కండరాన్ని బతికిస్తాయి గానీ శ్రమకు తగినంత రక్తం తరచూ ఇవ్వలేవు. కాల్సిఫైడ్: పూడికలో సున్నం చేరి గట్టిపడింది, స్టెంట్ విచ్చుకోవడం కష్టం. ఎక్టేటిక్: నాళం మామూలు కన్నా వెడల్పయింది. మయోకార్డియల్ బ్రిడ్జ్: నాళంలో కొంత భాగం కండరం కింద నుంచి వెళ్తోంది, చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. స్లో ఫ్లో: పెద్ద నాళాల్లో అడ్డు లేకపోయినా రంగు మందు నెమ్మదిగా పారింది. అసలు లోపం కంటికి కనబడని సన్న నాళాల్లో ఉండొచ్చు.

ఎల్‌వీఈడీపీ, అంటే ఎడమ జఠరిక సడలిన చివర్లో దాని లోపలి పీడనం, 12 లోపు ఉంటే మామూలే. ‘ఎల్‌వీ యాంజియో నాట్ డన్’, అంటే ఎడమ జఠరికలోకి రంగు మందు పంపి చిత్రం తీయలేదు, అని ఉంటే పొరపాటు కాదు. ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఆ సమాచారం ఉంటుంది కాబట్టి కిడ్నీల మీద రంగు మందు భారం తగ్గించడానికి తరచూ వదిలేస్తారు.

వీడియో చూడాలనుకుంటే రెండు ఆనవాళ్లు. వెన్నెముక తెరమీద కుడి పక్కన ఉంటే ఆ చిత్రం ఎడమ వైపు నుంచి, ఎడమ పక్కన ఉంటే కుడి వైపు నుంచి తీసింది. ఎడమ వైపు నుంచి తీసినప్పుడు ఆర్‌సీఏ ఇంగ్లిష్ సి అక్షరంలా కనిపిస్తుంది. కొలతకు, చిత్రంలో కనిపించే సన్నటి గొట్టం, కేథటర్‌నే వాడుకోవచ్చు. 6 ఫ్రెంచ్ కేథటర్ లావు 2 మిల్లీమీటర్లు.

ఒక రిపోర్టు చదివి చూద్దాం

ఇది ఊహించి రాసిన రిపోర్టు: “ఎల్ఎంసీఏ: నార్మల్. ఎల్ఏడీ: టైప్ 3 వెసల్, ప్రాక్సిమల్ 80 శాతం. ఎల్‌సీఎక్స్: నాన్ డామినెంట్, ఓఎం1 మిడ్ 50 శాతం. ఆర్‌సీఏ: డామినెంట్, మిడ్ 100 శాతం, డిస్టల్ భాగం ఎల్ఏడీ కొలాటరల్స్ ద్వారా నిండుతోంది.”

శాతం మాత్రమే చూస్తే 100 ఉన్న ఆర్‌సీఏ పెద్ద ప్రమాదంలా కనిపిస్తుంది. బొమ్మలో గీతలు నింపి చూడండి. ఆర్‌సీఏ మూసుకుపోయినా దాని దిగువ కండరం ఎల్ఏడీ ఇచ్చే పక్కదారి రక్తంతో బతుకుతోంది. ఆ ఎల్ఏడీకే ఎగువన 80 శాతం అడ్డంకి. అది మూసుకుంటే ముందు గోడా, అడుగు గోడా రెండూ ఒకేసారి పోతాయి. కాబట్టి ఈ కాగితం మీద అసలు ప్రమాదం 80లో ఉంది, 100లో కాదు. ఓఎం1 విషయం తర్వాత చూసుకోవచ్చు.

ఇంత చూసుకుని వెళ్తే డాక్టరును అడగాల్సినవి వాటంతట అవే తేలుతాయి. ఈ అడ్డంకి వల్ల ఎంత కండరానికి ముప్పుంది? ఆ కండరం ఇంకా బతికే ఉందా, ఎకోలో కదులుతోందా? స్టెంటా, బైపాసా, మందులా, ఏది ఎందుకు? షుగరు ఉండి మూడు నాళాలూ దెబ్బతిన్నవాళ్లకు బైపాస్ తరచూ మెరుగు కాబట్టి ఈ ప్రశ్న తప్పక అడగాలి. గుండెపోటు జరుగుతుండగా కాకుండా, నిలకడగా ఉన్నప్పుడు చేసిన పరీక్షయితే ఒకటి రెండు రోజులు తీసుకుని రెండో అభిప్రాయం అడగడానికి వీలుంటుంది. అప్పుడు కాగితం ఒక్కటే సరిపోదు, వీడియో ఉన్న సీడీ కావాలి.

ఇప్పటికే బైపాస్ అయినవాళ్ల రిపోర్టులో సొంత నాళాలు 100 శాతం అని ఉండటం మామూలే. అక్కడ చూడాల్సింది ‘లిమా టు ఎల్ఏడీ’, ‘ఎస్‌వీజీ టు ఓఎం’ అన్న గ్రాఫ్ట్ (బైపాస్‌లో కలిపిన నాళం: లిమా ఛాతీ ధమని, ఎస్‌వీజీ కాలి సిర) వరుసల పక్కన ‘పేటెంట్’ అనే మాట ఉందా లేదా అని. పేటెంట్ అంటే తెరిచి ఉందని.

స్టెంట్ వేశాక ‘3.0 × 28’ అని ఉంటే లావు 3, పొడవు 28 మిల్లీమీటర్లు. ఈ వివరం, వేసిన తేదీ, ఏ నాళంలో వేశారో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మాత్రలను, అంటే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను, గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది పాటు, నిలకడ జబ్బులో ఆరు నెలల పాటు వాడమంటారు. పన్ను పీకడానికో, చిన్న ఆపరేషన్‌కో మరొకరు ఆపమన్నా గుండె డాక్టరును అడగకుండా ఆపకండి. ఆ మాత్రలు మధ్యలో మానేసినప్పుడే కొత్త స్టెంట్‌లో గడ్డ ఏర్పడే ప్రమాదం ఎక్కువ. ఎల్ఏడీ ఎగువన వేసిన స్టెంట్ అలా మూసుకుంటే ఏమవుతుందో మీ బొమ్మలోనే ఉంది.